రిపబ్లికన్ ప్రైమరీలో నిలబడాలనుకుంటే: టెక్సస్ తెలుగువాళ్లకు అడుగడుగునా మార్గదర్శి

2022 మార్చిలో టెక్సస్ ఓటరు జాబితాలో 1.7 కోట్లకు పైగా పేర్లున్నాయి. రిపబ్లికన్ ప్రైమరీకి, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ముందు ఎన్నికకు, వెళ్లి ఓటేసినవాళ్లు దాదాపు 19.5 లక్షలు. సుమారుగా తొమ్మిది మందిలో ఒకరు. రాష్ట్రంలో చాలా నియోజకవర్గాల్లో రిపబ్లికన్ టికెట్ వస్తే నవంబరు ఎన్నిక లాంఛనమే. అంటే రాజధాని ఆస్టిన్‌లోని అసెంబ్లీకి ఎవరు వెళ్లాలో తేల్చేది ఈ తొమ్మిదో మనిషే. మన దగ్గర బి-ఫారం కోసం హైదరాబాద్, విజయవాడ, ఢిల్లీ చుట్టూ తిరుగుతారు. ఇక్కడ అధిష్ఠానం ఫ్రిస్కోలోనో కేటీలోనో ఒక వీధిలో గరాజ్ తలుపు తెరిచి లాన్‌మోవర్ బాగుచేసుకుంటూ ఉంటుంది.

ఈ సంగతి తెలియకే మనవాళ్లు చాలామంది తప్పుదారిలో మొదలుపెడతారు. ఫంక్షన్ హాల్లో మీటింగు, సంక్రాంతి సంబరాల్లో స్టేజీ మీద శాలువా, వాట్సాప్ గ్రూపుల్లో పోస్టర్లు. హాలు నిండుతుంది, ఫొటోలు బాగా వస్తాయి, కాస్త డబ్బూ వస్తుంది. కానీ ఆ హాల్లో సగం మందికి ఓటే ఉండదు. ఉన్నవాళ్లలో చాలామంది మార్చిలో ఓటేసే అలవాటు లేనివాళ్లు. అభ్యర్థి ఎంత గట్టి కన్సర్వేటివ్ అయినా, ఆ నియోజకవర్గంలో ప్రతి ప్రైమరీకీ వచ్చే కొన్ని వేలమందికి ఆయన ఎవరో తెలియకపోతే ఓడిపోతాడు. ఈ గైడ్ అంతా ఆ కొన్ని వేలమంది దగ్గరికి చేరడం గురించే. ఉదాహరణకు టెక్సస్ స్టేట్ హౌస్ (రాష్ట్ర అసెంబ్లీ దిగువ సభ) సీటును తీసుకున్నాను. కౌంటీ పదవులకు, కాంగ్రెస్‌కు అంకెలు మారతాయి గానీ పద్ధతి ఇదే. సిటీ కౌన్సిల్, స్కూల్ బోర్డు ఎన్నికలు పార్టీ గుర్తు లేకుండా జరుగుతాయి కాబట్టి వాటికి ఇది వర్తించదు.

మొదటి అడుగు: అర్హత, తేదీలు, బ్యాలెట్ మీద మీ పేరు

స్టేట్ హౌస్‌కు పోటీ చేయాలంటే అమెరికా పౌరసత్వం ఉండాలి, 21 ఏళ్లు నిండాలి, ఎన్నిక నాటికి టెక్సస్‌లో రెండేళ్లు, ఆ నియోజకవర్గంలో ఏడాది నివాసం ఉండాలి. ఇక్కడే పుట్టి ఉండాలన్న షరతు ప్రెసిడెంట్, వైస్ ప్రెసిడెంట్ పదవులకే. నేచురలైజేషన్ ద్వారా పౌరసత్వం తీసుకున్నవాళ్లు కాంగ్రెస్‌కు కూడా నిలబడొచ్చు. కాకపోతే యూఎస్ హౌస్‌కు పౌరసత్వం వచ్చి ఏడేళ్లు, సెనేట్‌కు తొమ్మిదేళ్లు కావాలి.

ప్రైమరీ సరిసంఖ్య సంవత్సరాల్లో మార్చి మొదటి మంగళవారం జరుగుతుంది. 2026లో అది మార్చి 3, 2028లో మార్చి 7. నామినేషన్ గడువు ముందటి డిసెంబరు రెండో సోమవారం సాయంత్రం ఆరింటితో ముగుస్తుంది. స్టేట్ హౌస్‌కు ఫీజు 750 డాలర్లు, లేదా ఫీజు బదులు 500 మంది ఓటర్ల సంతకాలు. నియోజకవర్గం ఒకే కౌంటీలో ఉంటే కౌంటీ పార్టీ ఛైర్‌కు, ఒకటికి మించి కౌంటీల్లో ఉంటే రాష్ట్ర పార్టీ ఛైర్‌కు దరఖాస్తు ఇవ్వాలి. దరఖాస్తును నోటరీ చేయించాలి. చివరిరోజు సాయంత్రం ఐదింటికి వెళ్లి ఫైల్ చేసే అలవాటు మనకు బాగా ఉంది. దరఖాస్తులో డిస్ట్రిక్ట్ నంబరో, అడ్రసో తప్పు పడితే దిద్దుకోవడానికి టైమ్ మిగలదు. గడువు మొదలైన మొదటి వారంలోనే పని ముగించండి.

పేరు సంగతి చిన్నదే అనిపిస్తుంది గానీ కాదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుండి, అది ఇక్కడ ఫస్ట్ నేమ్‌గా స్థిరపడిపోయి, అసలు పేరు లాస్ట్ నేమ్ అయిపోయినవాళ్లు మనలో ఎంతమందో. బ్యాలెట్ మీద ఏది పడాలో ముందే తేల్చుకోవాలి. టెక్సస్ చట్టం పేరుతోపాటు ముద్దుపేరును అనుమతిస్తుంది. అది పది అక్షరాలు దాటకూడదు, కనీసం మూడేళ్లుగా ఆ పేరుతో మిమ్మల్ని పిలుస్తూ ఉండాలి, నినాదంలా ఉండకూడదు. వెంకట సత్యనారాయణను ఆఫీసులో అందరూ పదేళ్లుగా వెంకట్ అనే పిలుస్తుంటే ఆ పేరునే బ్యాలెట్‌కు, యార్డ్ సైన్‌కు (ఇంటి ముందు పాతే బోర్డు), మెయిలర్‌కు (పోస్టులో పంపే ప్రచార కార్డు) ఒకేలా వాడండి. ఎన్నికల కోసం కొత్తగా శామ్, స్టీవ్ అని పెట్టుకుంటే నిబంధనకూ సరిపోదు, ఎదుటివాళ్ల చేతికి ఆయుధమూ దొరుకుతుంది. బ్యాలెట్ మీద పేర్ల వరుస లాటరీతో తేలుస్తారు కాబట్టి దాని గురించి టెన్షన్ పడి లాభం లేదు.

రెండో అడుగు: ఓటరు జాబితా తెచ్చుకుని లెక్క కట్టడం

టెక్సస్‌లో ఓటరు నమోదులో పార్టీ అనే గడి లేదు. ప్రైమరీ రోజు వెళ్లి ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అడిగి తీసుకుంటారు. దీన్ని మార్చి తమ ప్రైమరీని పార్టీవాళ్లకే పరిమితం చేయాలని రాష్ట్ర రిపబ్లికన్ పార్టీ 2025లో ఫెడరల్ కోర్టుకు వెళ్లింది. ఆ కేసు సంగతి గమనిస్తూ ఉండండి. పార్టీ నమోదు లేకపోయినా, ఏ సంవత్సరం ఎవరు ఏ పార్టీ ప్రైమరీలో ఓటేశారో రికార్డు ఉంటుంది. ఎవరికి వేశారన్నది మాత్రం రహస్యం. ఈ వివరాలతో కూడిన జాబితా కౌంటీ ఎన్నికల కార్యాలయంలో గానీ సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర గానీ కొద్దిపాటి రుసుముకు దొరుకుతుంది. ప్రచారంలో మీరు కొనే వస్తువులన్నిటిలో విలువైనది ఇదే.

ఒక లెక్క వేసి చూద్దాం. మీ నియోజకవర్గంలో 1.2 లక్షల ఓటర్లున్నారనుకోండి. గత మూడుసార్లు గట్టి పోటీ ఉన్న రిపబ్లికన్ ప్రైమరీల్లో 15, 17, 19 వేలమంది ఓటేశారనుకోండి. ఈసారి 20 వేలు వస్తారని పెట్టుకుంటే రనాఫ్ (ఎవరికీ సగం దాటనప్పుడు జరిగే రెండో రౌండు) లేకుండా గెలవడానికి 10,001 కావాలి. తరుగు కోసం ఇంకాస్త వేసుకుని 11 వేలు లక్ష్యంగా పెట్టుకోవాలి. ఇప్పుడు జాబితా తెరిచి, గత నాలుగు ప్రైమరీల్లో కనీసం రెండింటికి వచ్చి రిపబ్లికన్ బ్యాలెట్ తీసుకున్నవాళ్లను వడకట్టండి. 13 వేలమంది తేలారనుకుందాం. వాళ్లు ఉండేది ఓ 8,500 ఇళ్లలో. మీ ప్రపంచం ఆ ఇళ్లే. 1.2 లక్షలు అన్న అంకెను మర్చిపోండి.

ఆ తర్వాత మనసుకు కాస్త కష్టమైన పని ఒకటుంది. అదే జాబితాలో రెడ్డి, రావు, చౌదరి, నాయుడు, కుమార్ అని వెతకండి. తెలుగువాళ్లలో ఓటున్నవాళ్లు ఎందరు, వాళ్లలో ఏ పార్టీ ప్రైమరీకైనా వెళ్లినవాళ్లు ఎందరు అని రెండు అంకెలు రాసుకోండి. రెండో అంకె చూసి నీరుగారిపోకండి. మన ఓట్లతోనే గెలుస్తామన్న భ్రమ పోవడం మంచిదే. అలాగని వదిలేయడానికీ వీల్లేదు. 2024 మేలో బోమాంట్ ప్రాంతపు సీటులో అప్పటి స్టేట్ హౌస్ స్పీకర్ డేడ్ ఫెలన్ తన పార్టీవాడే అయిన డేవిడ్ కోవీ మీద రనాఫ్‌లో నాలుగు వందల లోపు ఓట్లతో బయటపడ్డారు. అలాంటి పోటీలో ఎప్పుడూ ప్రైమరీ ముఖం చూడని మూడొందల తెలుగు కుటుంబాలను పోలింగ్ కేంద్రానికి తీసుకురాగలిగితే చాలు, ఫలితం తారుమారవుతుంది. పునాది మాత్రం ఆ 8,500 ఇళ్లే. మనవాళ్ల ఓట్లు దాని మీద వేసుకునే అంతస్తు.

జాబితా తప్పుగా వడకడితే ఏమవుతుందో 2014లో వర్జీనియా ఏడో డిస్ట్రిక్ట్ రిపబ్లికన్ ప్రైమరీ చూపించింది. యూఎస్ హౌస్ మెజారిటీ లీడర్ ఎరిక్ కాంటర్ సొంత సర్వే ఆయన 34 పాయింట్ల ఆధిక్యంలో ఉన్నారని చెప్పింది. జూన్ 10న డేవ్ బ్రాట్ అనే ఎకనామిక్స్ ప్రొఫెసర్ సుమారు 36 వేల ఓట్లతో, 55 శాతానికి పైగా తెచ్చుకుని ఆయన్ని ఓడించారు. కాంటర్ ఖర్చు 50 లక్షల డాలర్లు దాటింది. బ్రాట్ ఖర్చు సుమారు రెండు లక్షలు. వచ్చిన ఓటర్లు సర్వే చేసిన ఓటర్లు కారు.

మూడో అడుగు: ఎన్నికలకు రెండేళ్ల ముందు

కౌంటీ రిపబ్లికన్ క్లబ్బులు, రిపబ్లికన్ విమెన్ క్లబ్బులు, నెలనెలా జరిగే బ్రేక్‌ఫాస్ట్ మీటింగులు. ఇక్కడికి వచ్చేవాళ్లు కొద్దిమందే. కానీ యార్డ్ సైన్లు పాతేది, పోలింగ్ కేంద్రం దగ్గర ఎండలో నిలబడేది, చర్చిలో పక్కవాళ్లు "ఈసారి ఎవరికేద్దాం" అంటే జవాబు చెప్పేది వీళ్లే. మొదటిసారి వెళ్లినప్పుడే విజిటింగ్ కార్డు పంచుతూ నేను నిలబడుతున్నాను అని చెప్పేవాళ్లను వాళ్లు ఎంతోమందిని చూశారు. ఆరు నెలలు ఊరికే వెళ్లండి. కుర్చీలు సర్దండి. వేరేవాళ్ల ప్రచారంలో ఒక సీజన్ డోర్ నాకింగ్ చేయండి.

వీలైతే ముందు ప్రీసింక్ట్ ఛైర్ (ఒక పోలింగ్ ప్రాంతంలో పార్టీ ప్రతినిధి) అవండి. ఫీజు లేదు, రెండేళ్ల పదవి, ప్రైమరీ బ్యాలెట్ మీదే ఎన్నికవుతుంది, చాలా ప్రీసింక్ట్‌లలో అడిగే నాథుడే ఉండడు. ఈ పదవి వల్ల మీ పోలింగ్ ప్రాంతంలో ఎవరు ఏమిటో తెలుస్తుంది, కౌంటీ పార్టీ కమిటీలో ఓటు వస్తుంది. కేరళలో పుట్టిన ఏబ్రహం జార్జ్ కాలిన్ కౌంటీ పార్టీ ఛైర్‌గా పనిచేశారు. 2024 మార్చిలో స్టేట్ హౌస్ ప్రైమరీలో సిట్టింగ్ సభ్యురాలి మీద తక్కువ తేడాతో ఓడిపోయారు. అదే ఏడాది మేలో రాష్ట్ర పార్టీ ఛైర్మన్‌గా ఎన్నికయ్యారు. పార్టీ లోపల ఆయన చేసుకున్న పునాది ఓటమితో కొట్టుకుపోలేదు.

నాలుగో అడుగు: ఏం చెప్పాలి, అడిగితే ఏం చెప్పాలి

ప్రైమరీలో అభ్యర్థులందరూ కన్సర్వేటివ్‌లమనే చెప్పుకుంటారు. కాబట్టి ఆ మాట ఒక్కటే చెబితే మీరేమీ చెప్పనట్టే. మూడు విషయాలు ఎంచుకుని, ఒక్కోదానికి మీ జీవితంలోంచి ఒక ఆధారం పెట్టుకోండి. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఆ భారమంతా ప్రాపర్టీ ట్యాక్స్ మీద పడుతుంది. ఆ బిల్లు కట్టడానికి ఆఖరు తేదీ జనవరి 31. మీరు ఫిబ్రవరి మొదటి వారంలో తలుపు తడితే ఆ ఇంటివాళ్లు వేల డాలర్లు కట్టి వారమై ఉంటుంది. చిన్న వ్యాపారం నడిపినవాళ్లయితే మీ సొంత బిల్లు అంకె చెప్పండి. ఉపన్యాసం అక్కర్లేదు.

సంస్థలు పంపే ప్రశ్నపత్రాలతో జాగ్రత్త. ప్రో-లైఫ్ (గర్భస్రావ వ్యతిరేక) సంస్థలు, తుపాకీ హక్కుల సంస్థలు, పన్నుల సంస్థలు ప్రతి అభ్యర్థికీ పంపుతాయి. అమెరికన్స్ ఫర్ ట్యాక్స్ రిఫార్మ్ వాళ్లు 1986 నుంచి పన్నులు పెంచబోమని లిఖితపూర్వక ప్రతిజ్ఞ తీసుకుంటున్నారు. జవాబివ్వకపోతే ఓటర్ గైడ్‌లో మీ పేరు పక్కన ఖాళీ కనిపిస్తుంది, అది వ్యతిరేకత కిందే లెక్క. జవాబిస్తే అది పదేళ్ల తర్వాతా మీ వెంటే ఉంటుంది. ప్రతి ప్రశ్నకూ మీరే జవాబు రాయండి, కన్సల్టెంట్‌కు అప్పజెప్పకండి. వేసిన ఓటు ఎలా వెంటాడుతుందో 2024లో చూశాం. అంతకుముందు నవంబరులో స్కూల్ వోచర్లకు (ప్రైవేటు స్కూలు ఫీజుకు ప్రభుత్వ డబ్బు) వ్యతిరేకంగా ఓటేసిన 21 మంది రిపబ్లికన్ సభ్యుల్లో, తిరిగి పోటీ చేసిన చాలామంది మీద గవర్నర్ ఆబట్ సొంత పార్టీలోనే ప్రత్యర్థులను బలపరిచారు. చాలామంది సీట్లు పోయాయి. వాళ్లలో కొందరు తమ గ్రామీణ జిల్లాలకు నిజాయితీగానే ఓటేశారు, అది వేరే సంగతి. ప్రైమరీ ఓటరు ఓటు రికార్డు చదువుతాడన్నది ఇక్కడ తెలుసుకోవాల్సింది.

ఇక మనకే ప్రత్యేకమైన రెండు ప్రశ్నలు.

ఒకటి మతం. 2024 ఆగస్టులో షుగర్‌ల్యాండ్ అష్టలక్ష్మి ఆలయంలో చిన్నజీయర్ స్వామి ఆధ్వర్యంలో 90 అడుగుల హనుమంతుడి విగ్రహం పెట్టారు. ఏడాది తర్వాత టెక్సస్ నుంచి యూఎస్ సెనేట్ రిపబ్లికన్ టికెట్ ఆశిస్తున్న ఒకాయన ఆ విగ్రహాన్ని అబద్ధపు దేవుడి విగ్రహమంటూ పోస్టు పెట్టారు. పార్టీలో ఈ ధోరణి ఉంది, లేదని నటించడం దండగ. హిందువైన అభ్యర్థిని క్యాండిడేట్ ఫోరంలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. 2023 చివర్లో ఐయోవాలో, అప్పుడు ప్రెసిడెంట్ పదవికి రిపబ్లికన్ టికెట్ కోసం పోటీలో ఉన్న వివేక్ రామస్వామిని ఒక ఓటరు ఇదే అడిగితే, ఆయన దాటవేయకుండా తాను హిందువునేనని చెప్పి, కుటుంబం, పెళ్లి, తల్లిదండ్రుల పట్ల గౌరవం లాంటి ఉమ్మడి విలువల మీద మాట్లాడారు. ఆ జవాబు ఆయన్ని గెలిపించలేదు, ఐయోవాలో నాలుగో స్థానంలో ఆగిపోయారు. కానీ అదే నిలబడే జవాబు. నుదుట బొట్టు ఫ్రిస్కో గుడిలో పెట్టుకుని మెకిన్నీ క్లబ్బుకు వెళ్లేటప్పుడు తుడుచుకునే మనిషిని రెండు చోట్లా నమ్మరు.

సిక్కు కుటుంబంలో పుట్టిన నిక్కీ హేలీ దారి వేరు, ఆమె క్రైస్తవ మతంలోకి మారారు. అయినా 2010లో సౌత్ కరోలినా గవర్నర్ ప్రైమరీలో సొంత పార్టీ రాష్ట్ర సెనేటరే ఆమెను జాతి పేరుతో తిట్టారు. లెక్సింగ్టన్ కౌంటీ పార్టీ ఆయన్ని అభిశంసించింది. హేలీ మొదటి రౌండ్లో 49 శాతం, రనాఫ్‌లో 65 శాతం తెచ్చుకున్నారు. తిట్టినవాడితో ఆమె గొడవకు దిగలేదు, ఆ పని మిగతావాళ్లు చూసుకున్నారు.

రెండోది హెచ్-1బి. 2025 సెప్టెంబరులో ట్రంప్ కొత్త హెచ్-1బి పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు పెట్టాక ఈ ప్రశ్న ప్రతి గదిలోనూ వస్తోంది. వీసాలు ఫెడరల్ ప్రభుత్వ విషయం, స్టేట్ హౌస్ సభ్యుడి చేతిలో ఏమీ లేదు. ఆ మాట చెప్పండి, కానీ దాని వెనక దాక్కోకండి. మీ అభిప్రాయం ఒక్కటే ఉండాలి. చట్టప్రకారం క్యూలో ఏళ్లతరబడి నిలబడి వచ్చిన మీ కథ కన్సర్వేటివ్ ఓటరుకు నిజంగానే నచ్చుతుంది. మోసం చేసే కన్సల్టెన్సీలను శిక్షించాలన్న మాట తెలుగు గదిలోనూ చెప్పగలగాలి. తెలుగు మీటింగులో ఒకటి, ఇంగ్లిష్ మీటింగులో ఇంకొకటి చెబితే ఎవరో ఒకరు ఫోన్లో రికార్డు చేసి, అనువాదంతో సహా మర్నాటికల్లా తిప్పుతారు.

ప్రైమరీలో చప్పట్ల కోసం అన్న మాట నవంబరులో మెడకు చుట్టుకోవడమూ ఉంది. 2012లో మిస్సోరీలో డెమోక్రాట్ సెనేటర్ క్లేర్ మెకాస్కిల్, తనకు సులువైన ప్రత్యర్థి దొరకాలని, టాడ్ ఏకిన్ మరీ కన్సర్వేటివ్ అంటూ రిపబ్లికన్ ప్రైమరీ సమయంలో ప్రకటనలు వేయించారు. ఓటర్లకు అదే నచ్చింది, ఏకిన్ ప్రైమరీ గెలిచారు. ఆగస్టులో ఆయన అత్యాచారం, గర్భం గురించి అన్న మాటతో నవంబరు సీటు పోయింది. కాలిన్, డెంటన్, ఫోర్ట్ బెండ్ లాంటి శివారు కౌంటీల్లో ఇది గుర్తుంచుకోవాలి.

ఐదో అడుగు: డబ్బు, అందులో మనవాళ్లు పడే గోతులు

ఒక్క డాలరు తీసుకునే ముందు, ఖర్చు పెట్టే ముందు ట్రెజరర్‌ను నియమిస్తూ టెక్సస్ ఎథిక్స్ కమిషన్‌కు ఫారం ఇవ్వాలి. ట్రెజరర్‌గా బావమరిదిని పెట్టడం మన సంప్రదాయం. బావమరిది సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంట్) అయితే సరే. రిపోర్టులు జనవరి 15, జూలై 15న, పోటీ ఉన్నప్పుడు ఎన్నికకు 30 రోజుల ముందు, 8 రోజుల ముందు ఇవ్వాలి. ఆలస్యమైతే జరిమానా, దాంతోపాటు ప్రత్యర్థి మెయిలర్‌లో చోటు.

ఎవరి దగ్గర తీసుకోవచ్చు అన్నది మనవాళ్ల ఫండ్‌రైజర్లలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు ఇవ్వకూడదు. ఫెడరల్ చట్టం కౌంటీ ఎన్నికల నుంచి ప్రెసిడెంట్ దాకా అన్నిటికీ దీన్ని నిషేధించింది. వాళ్లు జీతం లేకుండా వాలంటీర్‌గా పనిచేయొచ్చు, కానీ డబ్బు ఎలా ఖర్చు పెట్టాలో నిర్ణయించే చోట ఉండకూడదు. "అన్నయ్యా, నాకు గ్రీన్‌కార్డు లేదు, మా ఫ్రెండ్ పేరు మీద ఇస్తాలే" అని ప్రేమగా అనేవాళ్లు ప్రతి మీటింగులోనూ ఉంటారు. ఒకరి డబ్బు ఇంకొకరి పేరు మీద ఇవ్వడం నేరం. నవ్వుతూనే గట్టిగా వద్దనాలి: "వద్దు తమ్ముడూ, శనివారం రెండు గంటలు నాతో నడువు, అదే చాలు."

టెక్సస్ రాష్ట్ర అభ్యర్థులకు, జడ్జి పదవులు తప్ప, వ్యక్తులు ఇచ్చే విరాళాలకు పరిమితి లేదు. కార్పొరేషన్లు మాత్రం ఇవ్వకూడదు. ఐటీ కన్సల్టెన్సీ, రెస్టారెంటు, గ్యాస్ స్టేషన్ నడిపే స్నేహితులు కంపెనీ చెక్కు రాసిస్తే తిప్పి ఇచ్చి, పర్సనల్ అకౌంట్ నుంచి ఇమ్మనండి. కంపెనీ హాలు, కంపెనీ ఉద్యోగుల పని టైమ్ ఉచితంగా వాడుకోవడం కూడా విరాళం కిందే వస్తుంది. నగదు ఒక్కొక్కరి నుంచి ఒక రిపోర్టు కాలానికి వంద డాలర్లు దాటకూడదు, నన్నడిగితే నగదు అసలు ముట్టుకోవద్దు. కాంగ్రెస్‌కు పోటీ అయితే వ్యక్తి పరిమితి 2025-26లో ఎన్నికకు 3,500 డాలర్లు. ప్రైమరీ, రనాఫ్, జనరల్ వేర్వేరు ఎన్నికలుగా లెక్క. 200 డాలర్లు దాటితే వృత్తి, ఉద్యోగం ఇచ్చేవాళ్ల పేరు రాసుకోవాలి.

501(సి)(3) కింద, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థలుగా నమోదైన తెలుగు సంఘాలు అభ్యర్థులను బలపరచకూడదు, డబ్బివ్వకూడదు. అధ్యక్షుడు తన సొంత హోదాలో ఇంట్లో ఫండ్‌రైజర్ పెట్టుకోవచ్చు. సంఘం ఈమెయిల్ లిస్టుకు ఆ ఆహ్వానం పంపకూడదు. వాళ్లను ఇరకాటంలో పెట్టకండి, వాళ్ల పదవి పోతే మీకు ఒక శత్రువు తయారవుతాడు.

డబ్బు ఎప్పుడు ఖర్చు పెట్టాలంటే ఆఖరి నాలుగు వారాల్లో. నవంబరులో పెద్ద హోర్డింగులు, టీవీ ప్రకటనలు అమ్మజూపేవాళ్లు వస్తారు. టీవీ ప్రకటన డాలస్ మెట్రో మొత్తానికి చేరుతుంది, అందులో మీ 8,500 ఇళ్లు ఏ మూలకు?

ఆరో అడుగు: తలుపులు

వాలంటీర్ గంటకు 15 తలుపులు తడతాడనుకుంటే 8,500 ఇళ్లకు దాదాపు 570 గంటలు. 20 మంది శనివారం మూడేసి గంటలు నడిస్తే పది శనివారాలు. థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్ తీసేస్తే నవంబరు మొదట్లోనే బయల్దేరాలి. సగానికి పైగా ఇళ్లలో తలుపు తియ్యరు. చేత్తో ఒక ముక్క రాసిన కార్డు వదిలి రండి.

తలుపు తీసినప్పుడు మాట్లాడటానికి మీకు దొరికేది ఒకటిన్నర నిమిషం. వెనక్కి రెండడుగులు వేసి నిలబడండి, డోర్‌బెల్ కెమెరాకు ముఖం కనిపించాలి. పేరు, ఏ పదవి, రిపబ్లికన్ ప్రైమరీ అన్న మూడు ముక్కలు చెప్పి, "ఆస్టిన్‌లో వాళ్లు ఏ పని చేస్తే మీకు మేలు?" అని అడిగి ఊరుకోండి. మనవాళ్లకు ఊరుకోవడం చేతకాదు, బయోడేటా మొత్తం అప్పజెబుతాం. వాళ్లు చెప్పింది యాప్‌లో రాసుకుని, మర్నాడు ఆ విషయం మీదే రెండు లైన్ల మెసేజ్ పంపండి. "మీరు ప్రతి ప్రైమరీకీ ఓటేస్తారని లిస్టులో చూశాను" అని మాత్రం అనొద్దు. జాబితా బహిరంగమే అయినా ఎదుటివాళ్లు జడుసుకుంటారు.

అభ్యర్థి స్వయంగా వచ్చిన ఇంటికి, మెయిలర్ వచ్చిన ఇంటికి పొంతన లేదు. మీ యాసకు సిగ్గుపడకండి. గుమ్మం ముందు నిలబడి విన్న యాస తర్వాత ఫోరంలో పరిచయమైన గొంతుగా వినిపిస్తుంది. మెయిలర్లు ఆ పరిచయాన్ని గుర్తు చేయడానికే. నాలుగు చాలు: పరిచయం, మీ మూడు అంశాలు, మిమ్మల్ని బలపరిచినవాళ్లు, చివరిది ఓటేసే తేదీలు, చోట్లు. ప్రతిదాని మీదా రాజకీయ ప్రకటన అని, ఖర్చు ఎవరిదో ఉండాలి. యార్డ్ సైన్లు ఇళ్ల ముందే పెట్టండి, రాష్ట్ర రహదారి పక్కన పాతితే చట్టవిరుద్ధం.

తెలుగు ఇళ్లకు వెళ్లేటప్పుడు కాగితం వేరే ఉండాలి. అడగాల్సింది వరుసగా మూడే: పౌరసత్వం వచ్చిందా, ఓటు నమోదైందా, మార్చిలో రిపబ్లికన్ బ్యాలెట్ అడగాలని తెలుసా. ఎన్నికకు 30 రోజుల ముందే నమోదు ముగుస్తుంది. టీ తాగకుండా పంపరు కాబట్టి గంటకు 15 ఇళ్లన్న లెక్క ఇక్కడ కుదరదు, ఆదివారం సాయంత్రాలు వీటికి విడిగా పెట్టుకోండి.

ఏడో అడుగు: ముందస్తు ఓటింగ్

2026లో ముందస్తు ఓటింగ్ ఫిబ్రవరి 17 నుంచి 27 దాకా జరిగింది. ఈ గడువును మార్చే చట్టం 2025లో చేశారు కాబట్టి ఆపై ఎన్నికలకు కొత్త తేదీలు కౌంటీ సైట్‌లో చూసుకోండి. ప్రైమరీ ఓటర్లలో చాలామంది ఈ రోజుల్లోనే ఓటేసేస్తారు, కాబట్టి మీ ఎన్నిక మార్చి మంగళవారం కన్నా ముందే మొదలైపోతుంది. 65 దాటినవాళ్లకు పోస్టల్ బ్యాలెట్ ఇంకా ముందు వెళ్తుంది. వాళ్లకు మెయిలర్ జనవరిలోనే చేరాలి.

ఎవరు ఓటేశారో కౌంటీ రోజూ జాబితా పెడుతుంది. రాత్రి కూర్చుని మీకు మద్దతు చెప్పినవాళ్లలో వేసినవాళ్ల పేర్లు కొట్టేసి, మిగిలినవాళ్లకు మర్నాడు ఫోన్ చేయించండి. ఈ పనికి ఎక్సెల్ బాగా తెలిసిన మనిషి కావాలి, ఆ కొరత మనకు లేదు.

పోలింగ్ కేంద్రం తలుపుకు 100 అడుగుల లోపల ప్రచారం నిషేధం, మీ పేరున్న టీషర్టుతో లోపలికి వెళ్లడమూ కుదరదు. గీత బయట పార్కింగ్ లాట్‌లో నిలబడండి. మార్చి మంగళవారం దాకా జాబితా చూసుకోని ఓటరు కారు దిగి నడిచే అరనిమిషంలో, స్టేట్ హౌస్ దగ్గరికొచ్చేసరికి పేర్లు తెలియక, చేతిలో పెట్టిన కార్డు చూసి ఓటేస్తాడు. ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా ప్రతి కేంద్రం దగ్గరా ఒక మనిషి ఉండేలా షిఫ్టులు వేయండి. మీరు రద్దీ ఎక్కువ ఉన్న కేంద్రం దగ్గరే ఉండండి.

ఎనిమిదో అడుగు: రనాఫ్

ఎవరికీ సగం దాటకపోతే మొదటి ఇద్దరి మధ్య మే నాలుగో మంగళవారం రనాఫ్. 2012లో సెనేట్ ప్రైమరీలో లెఫ్టినెంట్ గవర్నర్ డేవిడ్ డ్యూహర్స్ట్ 44 శాతం పైగా, టెడ్ క్రూజ్ 34 శాతం తెచ్చుకున్నారు. రెండు నెలల తర్వాత క్రూజ్ దాదాపు 57 శాతంతో గెలిచారు. మొదటి రౌండుకు 14 లక్షల మంది వస్తే రెండోదానికి వచ్చింది 11 లక్షలు. తగ్గిన ఓటర్లలో నిబద్ధత ఎక్కువున్నవాళ్లే మిగిలారు, వాళ్లు క్రూజ్ వైపున్నారు.

కాబట్టి రెండో స్థానంలో ఉన్నా చేతులెత్తేయకండి. ఫలితం వచ్చిన రాత్రే మూడో స్థానంలో ఉన్న అభ్యర్థికి ఫోన్ చేయండి, మద్దతు అడిగే ముందు ప్రచారం బాగా చేశారని చెప్పండి. మార్చి దాకా ఆయన్ని తిట్టి ఉంటే ఆ ఫోన్ ఎత్తడు. మార్చిలో డెమోక్రాటిక్ ప్రైమరీలో ఓటేసినవాళ్లు రిపబ్లికన్ రనాఫ్‌కు రాలేరు. మార్చిలో ఎక్కడా వేయనివాళ్లు మాత్రం రావొచ్చు. ఫిబ్రవరిలో "అయ్యో, మర్చిపోయాం అన్నా" అన్న తెలుగు కుటుంబాలకు ఇంకో అవకాశం అన్నమాట. మేలో స్కూళ్లు ముగుస్తుంటాయి, ఇండియా టికెట్లు బుక్ అయిపోయి ఉంటాయి. ప్రయాణానికి ముందే ఓటేసి వెళ్లేలా ముందస్తు తేదీలు గుర్తుచేయండి. 65 దాటిన పౌరులైన అమ్మానాన్నలుంటే పోస్టల్ బ్యాలెట్ దరఖాస్తు ఏప్రిల్లోనే పెట్టించండి.

ఓడిపోతే యార్డ్ సైన్లు వారంలోపు మీ వాలంటీర్లతోనే తీయించండి, పెట్టుకోనిచ్చిన ప్రతి ఇంటికీ థ్యాంక్స్ కార్డు పంపండి. ట్రెజరర్ పని మాత్రం అప్పటికీ అయిపోదు. మిగిలిన డబ్బు, అప్పులు చూపిస్తూ ఫైనల్ రిపోర్టు ఇచ్చేదాకా జూలై 15, జనవరి 15 గడువులు వస్తూనే ఉంటాయి.